ఇద్దరే ఆడుతుంటే గోబ్లిన్లను తగ్గించండి

ఒకరు కథ నడిపిస్తుంటే మిగతావాళ్లు అందులోని పాత్రలుగా ఆడే ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్. దాని కథలు మామూలుగా నలుగురైదుగురు ఆటగాళ్లను లెక్కేసుకుని రాసినవి. మా ఇంట్లో ఆడేది ఇద్దరే. మొదట్లో గోబ్లిన్ల (కథలో ఎదురుపడే చిన్న రాక్షసుల) హిట్ పాయింట్లు, అంటే అవి ఎంత దెబ్బ తట్టుకోగలవో చెప్పే లెక్క, తగ్గించి చూశాను, లాభం లేకపోయింది. 2014 రూల్స్‌లో గోబ్లిన్‌కి సగటున ఉండేవే 7, అందులో ఇంకేం తగ్గిస్తాం? అసలు చిక్కంతా వాటి సంఖ్యతోనే. నాలుగు గోబ్లిన్లంటే రౌండుకి (అందరికీ ఒక్కో వంతు వచ్చే చుట్టుకి) నాలుగు దెబ్బలు, మనవాళ్లవి రెండే. అందుకే మొదట రెండింటినే బరిలోకి దింపండి. మరీ తేలికైపోతోంది అనిపిస్తే రెండో రౌండులో పొదల చాటునుంచి మూడోదాన్ని వదలండి. ఒకసారి దింపినదాన్ని వెనక్కి పిలిస్తే మాత్రం ఆటగాళ్లు ఇట్టే పసిగట్టేస్తారు. అప్పటికీ మనవాళ్లకి పోరు మరీ కష్టమైపోతుంటే, వాటి నాయకుడు పడగానే మిగతావి పారిపోయాయని చెప్పండి. గోబ్లిన్లు ఎలాగూ పిరికివే, ఎవరికీ అనుమానం రాదు.