లిథియం బ్యాటరీలు విదేశాలకు విమానంలో పంపాలంటే ఏ కాగితాలు కావాలి?

ముందు తేల్చుకోవాల్సింది బ్యాటరీ ఎలా వెళ్తోందనేది, ఎందుకంటే మిగతా కాగితాలన్నీ దాన్నిబట్టే మారతాయి. ప్రమాదకర సరుకులకు ఐక్యరాజ్యసమితి ఇచ్చే గుర్తింపు నంబర్లు యూఎన్‌తో మొదలవుతాయి: లిథియం అయాన్ బ్యాటరీ విడిగా వెళ్తే యూఎన్ 3480, పరికరంతో పాటు గానీ పరికరం లోపల గానీ ఉంటే యూఎన్ 3481. పవర్ బ్యాంకును చాలామంది పరికరం అనుకుంటారు కానీ కాదు, అది 3480 కిందికే వస్తుంది.

తర్వాత వాట్ అవర్లు, అంటే బ్యాటరీలో ఎంత శక్తి నిల్వ ఉంటుందో లెక్కేయండి. వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే చాలు: 3.7 వోల్టుల 20,000 ఎంఏహెచ్ (అంటే 20 ఆంపియర్ అవర్లు) పవర్ బ్యాంకు 74 వాట్ అవర్లన్నమాట. బ్యాటరీకి 100 దాటితే నిబంధనలు బిగుసుకుంటాయి.

అసలైన కాగితం యూఎన్ 38.3 టెస్ట్ సమ్మరీ, అంటే బ్యాటరీ ఐక్యరాజ్యసమితి భద్రతా పరీక్షలు పాసైందని చూపే పత్రం. 2020 జనవరి నుంచి, మనం అడిగితే తయారీదారు, అమ్మకందారు దాన్ని ఇచ్చి తీరాలి, కాబట్టి సరుకు కొనేముందే అడగండి, డబ్బు కట్టాక అడిగితే జవాబు రాదు! అందులో మోడల్ నంబర్ మీ బ్యాటరీ మీదున్నదానితో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. సేఫ్టీ డేటా షీట్‌ను (సరుకులోని ప్రమాదాలు, జాగ్రత్తలు చెప్పే పత్రం) కొరియర్లు అడుగుతుంటాయి గానీ, అది టెస్ట్ సమ్మరీకి బదులు కాదు.

విడి బ్యాటరీలైతే షిప్పర్స్ డిక్లరేషన్ (ప్రమాదకర సరుకు గురించి పంపేవాళ్లు సంతకం చేసి ఇచ్చే ప్రకటన), క్లాస్ 9 లేబుల్ (లిథియం బ్యాటరీలు చేరే ప్రమాద వర్గం గుర్తు), కార్గో విమానం మాత్రమే అనే లేబుల్ తప్పవు, చార్జింగ్ 30 శాతం మించకూడదు. డిక్లరేషన్ మీద సంతకం పెట్టేది ప్రమాదకర సరుకుల శిక్షణ పొందినవాళ్లే అయ్యుండాలి, కాబట్టి టెన్షన్ పడకుండా అలాంటి ఏజెంటుకు అప్పజెప్పండి. స్పీకర్ లోపల చిన్న బ్యాటరీ ఉంటే మాత్రం సాధారణంగా డిక్లరేషన్ అక్కర్లేదు. పాడైన, ఉబ్బిన బ్యాటరీలను విమానంలో పంపనే కూడదు.