ఆపరేషన్ అయిన పిల్లి, చలికాలం: ఏది కనిపిస్తే ఏం చేయాలి

"నెల్లూరులో చలేంది, దానికి స్వెట్టర్ వేస్తావా ఏంది" అని మా ఇంట్లోనే అన్నారు, డిసెంబర్‌లో మా పిల్లి చిట్టికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి తెచ్చినప్పుడు. మనకు రాత్రిపూట 20 డిగ్రీల దగ్గర ఉంటే అదే పెద్ద చలి, నిజమే. కానీ పిల్లి ఒంటి వేడి 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ దాకా ఉండాలి. మత్తు ఇస్తే అది పడిపోతుంది, పొట్ట మీద బొచ్చు గొరిగేస్తారు, ముందురోజు రాత్రి నుంచి తిండి ఉండదు. పైగా మన వైపు అసలు వానలు పడేది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకానే కాబట్టి, బంగాళాఖాతంలో అల్పపీడనం వచ్చిందంటే మూడు రోజులు ఎండ ఉండదు, ఆరేసిన తువ్వాలు ఆరదు, నేలంతా చెమ్మ. అప్పుడు మనకు చల్లగా అనిపించేది దానికి ఇంకా ఎక్కువ.

వణుకుతోంది, చెవులూ పాదాలూ చల్లగా ఉన్నాయి

మొదటి రోజు చాలావరకు కారణం మత్తే. అది పూర్తిగా దిగేదాకా పిల్లి తన వేడిని తాను నిలబెట్టుకోలేదు. రెండో కారణం ప్రయాణం: సాయంత్రంపూట బుట్టలో పెట్టుకుని బండి మీద తెస్తే గాలంతా దానికే కొడుతుంది. ఆటోలో తెచ్చుకోండి, బండే గతి అయితే బుట్ట చుట్టూ తువ్వాలు కట్టి, ఊపిరాడేంత సందు వదలండి.

ఇంటికి రాగానే టైల్స్ మీదా నాపరాళ్ల మీదా పడుకోబెట్టొద్దు, కింద నుంచి వేడి లాగేస్తాయి. అట్టపెట్టె, అడుగున మడతపెట్టిన గోనెసంచి, పైన పాత నూలు చీర చాలు. ఒక ప్లాస్టిక్ సీసాలో చెయ్యి పెట్టగలిగేంత వేడి నీళ్లు పోసి, తువ్వాలు చుట్టి, పెట్టెలో ఒక పక్కనే పెట్టండి. రెండో పక్క ఖాళీగా ఉండాలి, ఎందుకంటే మత్తులో ఉన్న పిల్లికి కాలుతున్నా జరగాలని తెలియదు, చర్మం కమిలిపోయాక మనం చూస్తాం. నీళ్లు చల్లారగానే మార్చండి, లేకపోతే ఆ సీసానే దాన్ని చల్లబరుస్తుంది. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి అసలు వద్దు, ఆ గాలి పిల్లికే కాదు, మీకూ ప్రాణం మీదికి తెస్తుంది.

వెచ్చగా ఉంచినా గంటా రెండు గంటల్లో తేరుకోకపోతే, చిగుళ్లు తెల్లగా పాలిపోయి ఉంటే, థర్మామీటర్‌లో 37 కంటే తక్కువ చూపిస్తే వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయండి. 39.5 దాటినా అంతే.

తిండి ముట్టడం లేదు

నేను ఎక్కువ భయపడింది దీనికే. మొదటి రాత్రి తినకపోతే టెన్షన్ పడొద్దు. నిలబడి తూలకుండా నడిచేదాకా నోట్లో ఏదీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కానీ మరుసటి రోజంతా కూడా తినకపోతే ఊరుకోకూడదు. రెండు మూడు రోజులు పస్తుంటే పిల్లి ఒంట్లో కొవ్వంతా కాలేయంలోకి చేరి అదో పెద్ద జబ్బవుతుంది. బొద్దుగా ఉన్న పిల్లులకు ఈ ప్రమాదం ఎక్కువ. "ఆకలైతే అదే తింటుందిలే" అనే మాట కుక్క విషయంలో ఎట్టా ఉన్నా పిల్లి విషయంలో పనికిరాదు.

ఎందుకు తినడం లేదో చూడండి. కుట్లు నాక్కోకుండా మెడకి వేసిన గరాటు గిన్నెకి తగులుతోందేమో, వెడల్పాటి పళ్లెంలో పెట్టి చూడండి. తిండి దగ్గరికి వచ్చి వాసన చూసి, పెదాలు నాక్కుని వెళ్లిపోతుంటే వికారం, దానికి డాక్టర్ మందు ఇస్తారు. ముక్కు కారుతూ, తుమ్ముతూ ఉంటే వాసన తెలియక తినడం లేదు. ఈ జలుబు చలిగాలికి పట్టిందని అందరూ అనుకుంటారు గానీ, చాలా పిల్లుల్లో చిన్నప్పుడు సోకిన వైరస్ లోపలే ఉండిపోయి ఆపరేషన్, కొత్త మనుషులు, బెదురు, వీటన్నిటికీ మళ్లీ పైకి వస్తుంది. గోరువెచ్చని తడిగుడ్డతో ముక్కు తుడవండి. బాత్‌రూమ్‌లో బకెట్ నిండా వేడినీళ్లు పెట్టి, తలుపేసి, దాన్ని ఒళ్లో పెట్టుకుని పది నిమిషాలు కూర్చోండి. ఆ నీళ్లలో అమృతాంజనం, విక్స్, కర్పూరం, నీలగిరి తైలం ఏదీ వేయొద్దు, పిల్లులకు అవి విషం. జలుబు ఉన్నన్నాళ్లు ఆ గదిలో దోమల చుట్ట కూడా వెలిగించకండి, దోమతెర కట్టండి.

తిండిని మన అరచేతి వేడికి తెచ్చి పెడితే వాసన లేస్తుంది, చలికాలంలో సగం పిల్లులు దానికే దారికొస్తాయి. మన ఊరి చేపల పులుసు ఎంత గొప్పదైనా దీనికి పెట్టకూడదు, ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను విరగ్గొడతాయి. ఉప్పు లేకుండా చేపముక్క ఉడకబెట్టి, ముళ్లు ఒక్కటి కూడా లేకుండా తీసి, ఆ ఉడికిన నీళ్లతో సహా ఇవ్వండి. చిట్టి రెండో రోజు మధ్యాహ్నం అదే తింది, నాలుగే నాలుగు ముద్దలు, మా అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

కుట్ల దగ్గర ఎర్రగా, తడిగా ఉంది

కుట్ల కింద చిన్న గట్టి గడ్డలా తగలడం మామూలే, నొప్పి లేకపోతే అది మెల్లగా కరిగిపోతుంది. చీము, వాసన, రోజురోజుకీ పెరిగే ఎరుపు, కుట్టు విడిపోవడం మామూలు కాదు. దాదాపు ఎప్పుడూ కారణం నాకడమే, గరాటు చూసి జాలిపడి తీసేసేది మనమే. కుట్లు విప్పేదాకా, అంటే 10 నుంచి 14 రోజులు, అది ఉండాల్సిందే. దాంతో మరీ అల్లాడిపోతుంటే పసిపిల్లల బనియన్‌కి కాళ్లు పట్టేలా రంధ్రాలు చేసి తొడగొచ్చు, పొట్టకి వెచ్చగానూ ఉంటుంది. తడిస్తే మాత్రం వెంటనే మార్చాలి.

ముసురు పట్టిన రోజుల్లో ఈగల్ని చూసుకోండి. తడి గాయం మీద వాలి గుడ్లు పెడితే ఒకటి రెండు రోజుల్లో పురుగులు పడతాయి. డెటాల్ వద్దు, పిల్లి దాన్ని నాకేస్తుంది, దాని కాలేయం ఆ మందుని అరిగించుకోలేదు. పసుపు ముద్ద పెడితే గాయం ఎర్రబడిందో లేదో మీకే కనపడదు. దొడ్డికి పెట్టే ట్రేలో ఇసుకా ఊకా కుట్లకి అంటుకుంటాయి, ఈ రెండు వారాలు చింపిన న్యూస్‌పేపర్ వేయండి.

ట్రేలోకి పోయి కూర్చుంటోంది, ఏమీ రావడం లేదు

ముక్కుతుంటే మలబద్ధకం అనుకుంటారు. ఆపరేషన్‌కి ముందు కడుపు ఖాళీ కాబట్టి రెండు మూడు రోజులు దొడ్డికి రాకపోయినా పర్వాలేదు. కానీ మగపిల్లి మాటిమాటికీ వెళ్లి, అరుస్తూ, చుక్కలు చుక్కలుగా పోస్తుంటే లేదా అసలు పోయకపోతే మూత్రం అడ్డుపడినట్టే. చలికి నీళ్లు తక్కువ తాగుతాయి, మూత్రం చిక్కబడుతుంది. ఇప్పటికే ఆ జబ్బుకి గొట్టం వేయించుకుని ఇంటికొచ్చిన పిల్లికైతే మొదటి వారంలో మళ్లీ అడ్డుపడొచ్చు. ఇంట్లో చేసే వైద్యమేదీ దీనికి లేదు, తెల్లారేదాకా ఆగొద్దు, ఒక్క రోజు ఆగితే గుండె ఆగిపోవచ్చు. పల్లెల్లో పశువుల ఆసుపత్రికి వచ్చేవి ఎక్కువగా గేదెలూ గొర్రెలే కాబట్టి, రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలో డిశ్చార్జ్ రోజే అడిగి పెట్టుకోండి. అడ్డు రాకుండా ఉండాలంటే గోరువెచ్చని నీళ్లు రెండు మూడు చోట్ల పెట్టండి, తిండిలో నీళ్లు కలపండి.

చర్మం కింద మెత్తటి ఉబ్బు

చర్మం కింద సెలైన్ ఎక్కించి ఉంటే అది ముందుకాలి వైపో పొట్ట వైపో జారుతుంది, ఒక రోజులో ఇంకిపోతుంది. నొక్కొద్దు.

మూలుగుతోంది, ముట్టుకోనివ్వడం లేదు

నొప్పి. డాక్టర్ రాసిన మందు, రాసినంతే, రాసిన వేళకే ఇవ్వండి. చాలకపోతే ఆయన్నే అడగండి. ఇంట్లో ఉన్న పారాసెట్మాల్ మాత్రం పావు ముక్క కూడా వేయొద్దు, డోలో అన్నా క్రోసిన్ అన్నా అదే. పిల్లి ఒళ్లు దాన్ని విరిచి బయటికి పంపలేదు, రక్తం ఆక్సిజన్ మోయడం మానేస్తుంది, చిగుళ్లు గోధుమ రంగుకి తిరుగుతాయి, మొహం ఉబ్బుతుంది. ఐబుప్రోఫెన్ కూడా అంతే ప్రమాదం. ఎవరైనా తెలియక వేసేసి ఉంటే దాచకుండా, ఎంత వేశారో ఏ వేళకి వేశారో రాసుకుని, ఆ మాత్రల అట్ట చేత్తో పట్టుకుని అప్పటికప్పుడు డాక్టర్ దగ్గరికి బయల్దేరండి. మొదటి గంటల్లో వెళ్తే విరుగుడు ఇచ్చి బతికించే అవకాశం ఉంటుంది.