కూలెంట్ తగ్గిపోతోందా? రాత్రికి ఒక అట్ట పరచండి

కారు వేడెక్కుతోంది, ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ ఎన్నిసార్లు పోసినా తగ్గిపోతోందా? రాత్రి ఇంజిన్ కింద పాత అట్టపెట్టె విప్పి పరచండి. పొద్దున కూలెంట్ రంగు చుక్కలుంటే వాటికి పైనున్న హోస్, క్లిప్పు, వాటర్ పంప్ చూడాలి. ఏసీ నీళ్లకు రంగుండదు, వాటికి టెన్షన్ వద్దు. అట్ట పొడిగా ఉంటే ముందు సీట్ల దగ్గర కాళ్ల కింది మ్యాట్ తడిమి చూడండి. తడిగా, తియ్యటి వాసనొస్తే హీటర్ కోర్ (కారు లోపలి హీటర్‌లో కూలెంట్ పారే భాగం) లీకే అయ్యుండొచ్చు. ఆయిల్ కొలిచే పుల్ల (డిప్‌స్టిక్) మీది ఆయిల్ పాల టీ రంగులో ఉన్నా, ఇంజిన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లపొగ ఆగకపోయినా హెడ్ గాస్కెట్‌ను (ఇంజిన్ బ్లాకుకీ పైభాగానికీ మధ్య ఉండే సీల్) అనుమానించాలి. ఇక బండి నడపొద్దు.

రేడియేటర్ మూత మాత్రం ఇంజిన్ పూర్తిగా చల్లారాకే తీయండి. మా బండికి పంపు మార్పించాక తేలింది, పోయింది ఆ మూత రబ్బరేనని!