వంపు అంచుల మీద తరంగాలు, 5వ పాఠం: పొట్టి చేతుల నోడ్లు

పోయినసారి డప్పు మీది తరంగాన్ని చదరపు గడుల గ్రిడ్‌పై లెక్కిస్తూ, గుండ్రటి అంచుకు గడుల వల్ల వచ్చే మెట్లు తీసేసి, అంచు పక్క నోడ్లకు (గ్రిడ్ గీతలు కలిసే బిందువులకు) పొట్టి చేతులు (పక్క నోడ్ బదులు అంచు దాకానే ఉండే దూరాలు) పెట్టాం. వ్యాసార్ధం 1, తరంగ వేగం 1 అయితే మొదటి కోణీయ పౌనఃపున్యం 2.4048కి దగ్గరపడాలి. చాలామందికి 300 స్టెప్పులు తిరక్కుండానే ఇన్ఫినిటీ వచ్చింది. సూత్రం సరైనదే, టైమ్ స్టెప్పే (ఒక్కో స్టెప్పుకు సమయం ఎంత జరుగుతుందో అది) పాతది: గడిలో 0.7 వంతు. 1928లో కూరాంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ చూపిన షరతు (టైమ్ స్టెప్పు ఎంత దాటితే లెక్క పేలిపోతుందో చెప్పేది) చదరపు గడులకు 0.707 దాకా ఒప్పుకుంటుంది, నిజమే. కానీ నాలుగు చేతులూ నిండుగా ఉంటేనే.

వ్యాసార్ధం 20 గడులు అనుకోండి. కేంద్రం నుంచి 19 గడులు కుడికి, 6 పైకి ఉన్న (19, 6) నోడ్‌కు కుడిచెయ్యి 0.079 గడి, పైచెయ్యి 0.245. చెయ్యి పొడవు ‘ప’ అయితే సూత్రంలో ఆ దిశకు మధ్య విలువ (ఆ నోడ్ సొంత విలువ) గుణకం 2/ప. రెండు దిశలూ కలిపితే 33.5, మామూలు నోడ్‌కు ఇది 4. రెండును 33.5 వర్గమూలంతో భాగిస్తే 0.345, ఈ నోడ్ తట్టుకునే టైమ్ స్టెప్పు హద్దు ఇదే. పొరుగు నోడ్ల ప్రభావం కాస్త తగ్గిస్తుంది కాబట్టి 0.34 పెట్టుకోండి. 0.7తో నడిపితే అక్కడి విలువ గుర్తు మార్చుకుంటూ స్టెప్పుకు 14 రెట్లు పెరుగుతుంది.

“గ్రిడ్ సన్నం చేస్తే సర్దుకుంటుంది” అనే మాట దయచేసి మానండి. 40 గడులకు వెళ్తే (34, 21) ఎదురవుతుంది: చేతులు 0.044, 0.071. హద్దు 0.23కి పడిపోతుంది. గడి సగమైంది, టైమ్ స్టెప్పు మూడో వంతయింది. అంచు గ్రిడ్‌ను ఎక్కడ కోస్తుందన్నది అంకెల అదృష్టం, దానికి గడి పరిమాణంతో పనిలేదు.

నేనైతే 0.1 కన్నా పొట్టి చెయ్యి ఉన్న నోడ్‌ను అంచులో కలిపేసి సున్నా పెడతాను. 20 గడుల డప్పులో అలాంటివి ఎనిమిదే, అన్నీ (19, 6) ప్రతిబింబాలు. అంచు అక్కడ 0.075 గడి లోపలికి జరుగుతుంది, అంతే నష్టం. ఆపై టైమ్ స్టెప్పు 0.45 పెట్టినా లెక్క నిలుస్తుంది.

నోడ్ డప్పుకు లోపలా బయటా అన్న పరీక్ష పూర్ణాంకాలతోనే చేయండి. దశాంశాలతో చేస్తే సరిగ్గా అంచు మీదున్న (12, 16) ఒక మూల లోపలికి, ఎదురుమూల బయటికి పోవచ్చు.

అభ్యాసం: 50 గడుల డప్పులో అతి చెడ్డ నోడ్‌ను తరంగం నడపకుండా కనిపెట్టండి. (47, 17) రావాలి, హద్దు 0.18 లోపే. వచ్చాక అదే పని 50, 30 అర్ధాక్షాల దీర్ఘవృత్తానికి.