కుందేళ్లకు, గినీ పిగ్‌లకు సరైన తిండి ఎంచుకోవడం ఎలా?

కుందేలు, గినీ పిగ్ రెండూ గడ్డి మేసి బతికే జీవులు. అయినా మన ఇళ్లలో వాటి గిన్నెలో కనిపించేవి క్యారెట్, క్యాబేజీ, నానబెట్టిన శనగలు, చపాతీ ముక్కలు, ఒక్కోసారి పెరుగన్నం. ప్రేమతోనే పెడతారు, అవీ ఇష్టంగానే తింటాయి. కొన్నాళ్లు పోయాక పళ్లు పెరిగిపోయి నమలలేకపోవడమో, పొట్ట ఉబ్బి ఒక మూల ముడుచుకుని కూర్చోవడమో మొదలవుతుంది. ఈ జబ్బుల్లో చాలావరకు తిండితో వచ్చేవే. తిండి మారిస్తే రాకుండా ఆపగలిగేవే.

ఇంటర్నెట్‌లో దొరికే జాబితాలు ఎక్కువగా కేల్, రొమైన్, డాండెలయన్ ఆకుల చుట్టూ తిరుగుతాయి. మన రైతు బజారులో దొరికేవాటిలో ఏది పెట్టొచ్చు, ఏది పెట్టకూడదు అన్నదే నాకు ముఖ్యం అనిపించింది. కాబట్టి ఆ సంగతి కాస్త వివరంగా రాస్తున్నాను.

1. ముందు గడ్డి సంగతి తేల్చుకోండి

రోజు మొత్తం తిండిలో 80 శాతానికి పైగా గడ్డే ఉండాలి. కొలత కావాలంటే, ఆ జంతువు ఒళ్లు ఎంత ఉందో కనీసం అంత మోపు రోజూ వేయాలి. అయిపోతే మళ్లీ వేయాలి. గడ్డి ఎక్కువై చెడిపోయిన కుందేలు లేదు.

ఎందుకింత పట్టు అంటే రెండు కారణాలు. ఒకటి పళ్లు. కుందేలుకు 28, గినీ పిగ్‌కు 20 పళ్లు ఉంటాయి. అన్నీ బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. కుందేలు ముందు పళ్లు వారానికి సుమారు 2 నుంచి 3 మిల్లీమీటర్లు పెరుగుతాయి. గడ్డిని దవడ పక్కలకు ఆడిస్తూ చాలాసేపు నూరితేనే దంతాలు సమంగా అరుగుతాయి. గింజలు, బిస్కెట్లు, మెత్తటి అన్నం రెండు నములుళ్లలో లోపలికి పోతాయి. పళ్లు అరగవు, వంకరగా పెరిగి నాలుకకూ బుగ్గకూ గుచ్చుకుంటాయి.

రెండోది పేగు. ఈ జంతువుల పొట్టలో సీకం అనే పెద్ద సంచి ఉంటుంది. నమిలిన పీచును అక్కడి సూక్ష్మజీవులు పులియబెడతాయి. పీచు వస్తూ ఉంటేనే పేగు కదులుతూ ఉంటుంది. పిండి పదార్థం, తీపి ఎక్కువైతే మంచి సూక్ష్మజీవులు తగ్గి, చెడ్డవి పెరిగి గ్యాస్ కడతాయి. వీటికి వాంతి చేసుకునే వీలు కూడా లేదు. లోపలికి పోయింది ముందుకు కదలాల్సిందే.

ఏ గడ్డి అన్నది తర్వాతి ప్రశ్న. పెట్ షాపుల్లో, ఆన్‌లైన్‌లో తిమోతీ హే పేరుతో అమ్మేది బాగుంటుంది కానీ ఖరీదు ఎక్కువ. ఓట్ హే, రోడ్స్ గడ్డి దొరికితే అవీ మంచివే. మన దగ్గర అన్నిటికన్నా తేలికగా దొరికేది గరిక. దాన్ని పచ్చిగానూ పెట్టొచ్చు, ఎండబెట్టీ పెట్టొచ్చు. డెయిరీల దగ్గర అమ్మే పచ్చగడ్డి కూడా కడిగి, నీళ్లు వాడ్చి పెట్టొచ్చు. ఎండబెట్టేటప్పుడు పలుచగా పరిచి, చేత్తో నలిపితే కరకరలాడేంత వరకు ఆరనివ్వండి. తర్వాత గాలి ఆడే గుడ్డ సంచిలో పెట్టండి. వానాకాలంలో రోజూ వాసన చూడాలి. బూజు వాసన ఏమాత్రం వచ్చినా మొత్తం పారేయండి.

ఇక్కడే కొన్ని జాగ్రత్తలు:

- వరిగడ్డి కింద పరవడానికి పనికొస్తుంది, ప్రధాన ఆహారంగా పనికిరాదు. అందులో పోషణ చాలా తక్కువ.
- లేత జొన్న మొక్కలు, కోసిన జొన్న దుబ్బు నుంచి వచ్చే పిలకలు వద్దు. నాము, అంటే ఈ పిలకలు, తిని పశువులు చనిపోయాయని పల్లెల్లో వింటుంటాం. అందులో ఉన్న సైనైడ్ విషం వీటికీ విషమే.
- సుబాబుల్ ఆకు మేకలు తింటాయి కదా అని తేకండి. అందులోని మిమోసిన్ వల్ల కుందేళ్లకు బొచ్చు రాలిపోతుంది.
- రోడ్డు పక్క, మందు కొట్టిన పొలం గట్టున కోసిన గడ్డి వద్దు. మిషన్‌తో కోసి కుప్ప పోసిన లాన్ గడ్డి కూడా వద్దు. అది త్వరగా వేడెక్కి పులిసిపోతుంది.
- వినాయక చవితి తర్వాత ఇంట్లో మిగిలిన గరిక, పసుపు కుంకుమ పడనిదైతేనే పెట్టండి.

లూసర్న్ గడ్డి విషయంలో చాలామందికి అయోమయం ఉంది. ఇది పప్పుజాతి మొక్క. మాంసకృత్తులు, కాల్షియం ఎక్కువ. ఆరు నెలల లోపు పిల్లలకు, చూలుతో ఉన్నవాటికి, పాలిచ్చేవాటికి మంచిది. పెద్దవాటికి రోజూ పెడితే ఒళ్లు వస్తుంది, మూత్రాశయంలో రాళ్లు పడే ప్రమాదమూ ఉంటుంది. ఎందుకంటే కుందేలు తిన్న కాల్షియంలో అవసరం లేనిదంతా మూత్రంలోనే పోతుంది. మూత్రం చిక్కగా, సున్నం కలిపిన నీళ్లలా కనిపిస్తే తిండిలో కాల్షియం తగ్గించి, డాక్టర్‌కు చూపించాలి.

2. ఆకుకూరలను మూడు రకాలుగా వేరు చేసుకోండి

పెద్ద కుందేలుకు కిలో బరువుకు రోజుకు ఒక కప్పు ఆకులు, గినీ పిగ్‌కు మొత్తం మీద ఒక కప్పు సరిపోతాయి. ఒకే ఆకు రోజూ కాకుండా రెండు మూడు రకాలు కలిపి, మార్చి మార్చి పెట్టడం మంచిది.

రోజూ పెట్టదగ్గవి: కొత్తిమీర, పుదీనా, లెట్యూస్‌లో ముదురు ఆకుపచ్చ రకాలు. ముల్లంగి ఆకులు, క్యారెట్ ఆకులు దొరికిన రోజు అవి. కూరల బండి దగ్గర ముల్లంగి ఆకులు తుంచి పక్కన పడేస్తుంటారు, అడిగితే ఊరికే ఇస్తారు. మెంతికూర కూడా పెట్టొచ్చు, అయితే వంతులవారీగా.

కొద్దిగా, వారానికి ఒకటి రెండుసార్లు: పాలకూర, తోటకూర, బచ్చలి. మన ఒంటికి మంచివని ఎక్కువ పెట్టేస్తారు గానీ వీటిలో ఆక్సలేట్లు, అంటే కాల్షియంతో కలిసి రాళ్లు కట్టే పదార్థాలు, ఎక్కువ. చుక్కకూరలో ఇంకా ఎక్కువ, దాన్ని పూర్తిగా మానేయడమే మేలు. గోంగూర కూడా మనకే ఉంచుకుందాం. కరివేపాకు, మునగాకుల్లో కాల్షియం బాగా ఎక్కువ, కాబట్టి ఒక రెబ్బకు మించొద్దు. క్యాబేజీ, కాలీఫ్లవర్ ఆకులు కొన్నిటికి గ్యాస్ చేస్తాయి. పైగా వీటి మీద పురుగుమందులు ఎక్కువ కొడతారు. పై రేకులు తీసేసి, బాగా కడిగి, చిన్న ముక్కతో మొదలుపెట్టండి.

అసలు పెట్టకూడనివి: ఉల్లి, వెల్లుల్లి, ఉల్లికాడలు, బంగాళాదుంపలు, టమాట ఆకులు, అవకాడో, పచ్చి చిక్కుడు గింజలు, పప్పులు, అన్నం, రొట్టె, బ్రెడ్, బిస్కెట్లు, పాలు, పెరుగు, చాక్లెట్. పెరట్లో వదిలేటప్పుడు గన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త, ఆముదం, లాంటానా మొక్కలు అందకుండా చూడండి. బాల్కనీలో కుండీలు ఉంటే మనీ ప్లాంట్, డిఫెన్‌బాకియా పైకి ఎత్తేయండి.

ఇక క్యారెట్, పండ్లు. ఇవి వాటికి మిఠాయి కింద లెక్క. కుందేలుకు కిలో బరువుకు రోజుకు ఒక టీస్పూన్ ముక్కలు చాలు, అదీ రోజూ అక్కర్లేదు. ఆపిల్ పెడితే గింజలు తీసేయండి. అరటిపండు, ద్రాక్ష, మామిడి ఇంకా తక్కువ. పిల్లలున్న ఇంట్లో ఈ నియమం నిలబెట్టడం కష్టం. వాళ్ల చేతికి కొత్తిమీర కాడ ఇవ్వండి, తినిపించే సరదా తీరుతుంది.

3. గినీ పిగ్‌కు విటమిన్ సి విడిగా చూసుకోండి

కుందేలు తిండే గినీ పిగ్‌కూ పెట్టేయొచ్చనుకోవడం చాలా ప్రమాదం. కుందేలు తన ఒంట్లోనే విటమిన్ సి తయారు చేసుకుంటుంది. గినీ పిగ్‌కు, మనుషుల్లాగే, ఆ శక్తి లేదు. 1907లో నార్వేలో ఆక్సెల్ హోల్స్ట్, థియోడర్ ఫ్రోలిక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు గినీ పిగ్‌లకు ఒట్టి ధాన్యాలు పెట్టి చూశారు. వాటికి స్కర్వీ, అంటే విటమిన్ సి అందక వచ్చే జబ్బు, వచ్చింది. తాజా కూరలు పెడితే తగ్గింది. విటమిన్ సి ఉనికిని కనిపెట్టే దారిలో అది పెద్ద మలుపు. బియ్యం, గింజలు మాత్రమే తినే గినీ పిగ్‌కు నేటికీ అదే జరుగుతుంది.

రోజుకు కిలో బరువుకు 10 నుంచి 30 మిల్లీగ్రాముల విటమిన్ సి కావాలి. చూలుతో ఉన్నా, జబ్బు పడి లేచినా ఇంకా ఎక్కువ. ఇందుకు నా దృష్టిలో అన్నిటికన్నా మంచిది క్యాప్సికమ్. ఎర్ర క్యాప్సికమ్‌లో 100 గ్రాములకు సుమారు 125 మిల్లీగ్రాములు, ఆకుపచ్చదానిలో సుమారు 80 ఉంటుంది. తీపి తక్కువ, ఆక్సలేట్ల బెడద లేదు. రోజూ 20 గ్రాముల ముక్క, అంటే రెండు వేళ్లంత, పెడితే చాలావరకు సరిపోతుంది. జామకాయలో ఇంకా ఎక్కువ, 100 గ్రాములకు 200 పైనే. కానీ అది పండు. గింజలు తీసిన చిన్న ముక్క వారానికి రెండుసార్లు చాలు. ముక్క ఎప్పటికప్పుడు కోసి పెట్టండి. కోసి ఉంచితే విటమిన్ తగ్గిపోతుంది.

నీళ్లలో విటమిన్ సి చుక్కలు కలపమని కొందరు చెబుతారు. వద్దు. వెలుతురు తగిలితే అది త్వరగా పాడవుతుంది, రుచి మారితే కొన్ని నీళ్లే మానేస్తాయి.

గినీ పిగ్ కుంటుతున్నా, కీళ్లు వాచినా, ఎత్తుకుంటే కీచుమని అరిచినా, చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా, బొచ్చు గరుకుగా మారినా స్కర్వీ కావొచ్చు. విటమిన్ అందకపోతే రెండు మూడు వారాల్లోనే ఇవి కనిపిస్తాయి. ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించండి.

4. పెల్లెట్లు కొనేముందు ప్యాకెట్ చదవండి

పెల్లెట్లు, అంటే పొడి చేసి నొక్కిన దాణా గుళికలు, తోడు మాత్రమే. పెద్ద కుందేలుకు కిలో బరువుకు రోజుకు 25 గ్రాములు మించకూడదు. గినీ పిగ్‌కు ఒక టేబుల్ స్పూన్ చాలు. పీచు 18 శాతం పైన ఉన్నది, తిమోతీ లాంటి గడ్డితో చేసింది తీసుకోండి. రంగురంగుల ముక్కలు, పొద్దుతిరుగుడు గింజలు, మొక్కజొన్న కలిపిన మిక్స్ ప్యాకెట్లు చూడ్డానికి బాగుంటాయి. తీపివి ఏరుకు తిని మంచివి వదిలేస్తాయి కాబట్టి అవి కొనొద్దు. మాంసం కోసం పెంచే ఫారాల దాణా త్వరగా బరువు పెరగడానికి చేసింది. కోళ్ల దాణా అయితే అసలు దగ్గరికి రానివ్వొద్దు. అందులో కలిపే కొన్ని మందులు కుందేలును చంపేస్తాయి.

గినీ పిగ్‌కు దాని కోసమే చేసిన, విటమిన్ సి కలిపిన పెల్లెట్లు కొనండి. తయారీ తేదీ చూడండి. సుమారు మూడు నెలలు దాటితే ఆ విటమిన్ మీద నమ్మకం పెట్టుకోలేం.

5. నీళ్లు, ఎండాకాలం

నీళ్లు ఎప్పుడూ ఉండాలి. కుందేలుకు బరువైన మట్టి గిన్నె బాగుంటుంది, సహజంగా వంగి తాగుతుంది. గినీ పిగ్‌కు సీసా పెడితే మూతి దగ్గర గోళీ ఇరుక్కుందేమో రోజూ నొక్కి చూడండి. ఏప్రిల్, మే నెలల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే ఊళ్లలో ఇవి బాగా ఇబ్బంది పడతాయి. 28, 30 డిగ్రీలకే కుందేలుకు వేడి ఎక్కువ. వేడికి తిండి తగ్గిస్తే పేగు నెమ్మదిస్తుంది. ఆ రోజుల్లో ఆకులు కడిగి తడిగానే పెట్టండి, గడ్డి తెల్లవారుజామున, రాత్రి చల్లబడ్డాక ఎక్కువ వేయండి, గుడ్డ చుట్టిన ఐస్ సీసా పక్కన ఉంచండి.

6. ఏది మార్చినా నెమ్మదిగా మార్చండి

ఇన్నాళ్లూ శనగలు, చపాతీ తిన్న కుందేలుకు ఒక్కరోజులో అంతా మార్చేయకండి. గడ్డి ఎంత తింటే అంత పెట్టి, పాత తిండిని పది పద్నాలుగు రోజుల్లో కొద్దికొద్దిగా తగ్గించండి. కొత్త ఆకు ఒకసారికి ఒకటే. చిటికెడు పెట్టి, ఒక రోజంతా పెంటికలు చూశాకే పెంచండి. గినీ పిగ్‌లు చిన్నప్పుడు రుచి చూడనివాటిని పెద్దయ్యాక ముట్టవు. కాబట్టి పిల్లగా ఉన్నప్పుడే రకరకాల ఆకులు అలవాటు చేయండి.

మన సంతల్లో కళ్లు తెరిచిన కొద్ది రోజులకే కుందేలు పిల్లల్ని అమ్మేస్తుంటారు. తల్లిపాలు మానని పిల్లను కొనొద్దు. కనీసం ఎనిమిది వారాలు నిండాలి. మూడు నెలల వరకు గడ్డి, లూసర్న్, పెల్లెట్లతో సరిపెట్టి, ఆ తర్వాతే ఆకుకూరలు మొదలుపెట్టండి.

7. రోజూ పెంటికలు, వారానికోసారి బరువు

కుందేలు పెంటికలు గుండ్రంగా, ఎండుగా, నలిపితే గడ్డి పొట్టులా విడిపోవాలి. చిన్నవైనా, తగ్గినా గడ్డి చాలడం లేదని అర్థం. ద్రాక్ష గుత్తిలా మెత్తగా, మెరుస్తూ కనిపించేవి వేరు. వాటిని కుందేలు నేరుగా నోటితో తీసుకుని తింటుంది. అది జబ్బు కాదు. అందులోని బి విటమిన్లు, మాంసకృత్తులు దానికి కావాలి. గినీ పిగ్ కూడా ఇలాగే చేస్తుంది. అవి తినకుండా నేల మీద మిగిలిపోతుంటే పెల్లెట్లు, తీపి ఎక్కువయ్యాయన్నమాట.

వంటింటి కాటా మీద వారానికోసారి తూచి రాసుకోండి. బొచ్చు కింద చిక్కిపోవడం కంటికి తెలియదు.

12 గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు వేయకపోయినా అది అత్యవసరం. తెల్లారాక చూద్దాం అనుకోవద్దు. కుక్కల డాక్టర్లు అందరూ కుందేళ్లను చూడరు కాబట్టి, మీ ఊళ్లో ఎవరు చూస్తారో జబ్బు రాకముందే ఫోన్ చేసి కనుక్కోండి. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీల ఆసుపత్రుల్లో కూడా అడగొచ్చు. పొట్ట గట్టిగా ఉబ్బి ఉంటే బలవంతంగా తినిపించకండి. ఇంట్లో ఉన్న మనుషుల మందులు వేయకండి. ముఖ్యంగా అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లిండామైసిన్ లాంటి యాంటీబయాటిక్స్ నోటి ద్వారా వేస్తే పేగులోని మంచి సూక్ష్మజీవులు చచ్చి ప్రాణం మీదికి వస్తుంది. ఆపరేషన్ ఉంటే ముందురోజు రాత్రి నుంచి పస్తు ఉంచమని ఎవరైనా చెబితే, కుందేలుకు, గినీ పిగ్‌కు అలా ఉంచొచ్చా అని డాక్టర్‌ను మరోసారి అడగండి.