అమెరికా స్పౌజ్ వీసా ఆలస్యమవుతుంటే ఏం చేయాలి?

పెళ్లయి ఏడాది దాటింది. అబ్బాయి డల్లాస్‌లో, అమ్మాయి గుంటూరులో. ఏ పేరంటానికి వెళ్లినా "ఇంకా వీసా రాలేదా అమ్మా?" అని అడిగేవాళ్లే. మా ఇంట్లో ఈ ప్రశ్న రెండేళ్లు నడిచింది. చివరికి మా ఆవిడ పేరంటాలకు వెళ్లడమే మానేసింది. ఆ రెండేళ్లలో నేను చేసిన పెద్ద పొరపాటు ఒక్కటే. ఫైలు ఒక ఆఫీసులో ఉంటే ఇంకో ఆఫీసుకి ఈమెయిళ్లు పెడుతూ కూర్చున్నాను. అందుకే అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

ఇక్కడ చెప్పేది అమెరికా పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు తమ భార్యనో భర్తనో తీసుకెళ్లే ఇమ్మిగ్రెంట్ వీసా గురించి. హెచ్-1బీ వాళ్ల కుటుంబాలకు వచ్చే హెచ్-4 దారి వేరు.

1. ఫైలు ఇప్పుడు ఎవరి దగ్గరుందో తేల్చుకోండి

ఈ ఫైలు మూడు చేతులు మారుతుంది. ఐ-130 పిటిషన్ (భార్యనో భర్తనో తీసుకెళ్లడానికి వేసే మొదటి దరఖాస్తు) వేసిన రోజు నుంచి ఆమోదం వచ్చేదాకా అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ దగ్గర ఉంటుంది. ఆ తర్వాత నేషనల్ వీసా సెంటర్‌కి వెళ్తుంది, అందరూ ఎన్‌వీసీ అనేది దాన్నే. ఆఖరున కాన్సులేట్. హైదరాబాద్‌లో కాన్సులేట్ ఉంది కదా, ఇంటర్వ్యూ అక్కడే అనుకుంటారు చాలామంది. మన వాళ్ల ఇమ్మిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూలు మామూలుగా ముంబైలో జరుగుతాయి. ఎన్‌వీసీ ఇచ్చే కేసు నంబర్ 'బీఎంబీ' అని మొదలైతే అది ముంబై కేసు.

మీ చేతిలో ఉన్నది మూడు అక్షరాలు, పది అంకెల రసీదు నంబర్ మాత్రమేనా? అయితే ఫైలు ఇంకా మొదటి మెట్టు మీదే ఉంది. ముంబైకి ఎన్ని ఈమెయిళ్లు పెట్టినా అక్కడ మీ పేరే ఉండదు.

2. అది ఆలస్యమా, క్యూనా?

పౌరుల భార్యాభర్తలకు వీసాల సంఖ్య మీద పరిమితి లేదు. పిటిషన్ ఆమోదమైతే ముందుకు కదలడమే. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ల భార్యాభర్తలది ఎఫ్2ఏ కేటగిరీ, అక్కడ కోటా ఉంది. ఐ-130 అందిన తేదీయే మీ ప్రయారిటీ డేట్, అంటే క్యూలో మీ స్థానం చెప్పే తేదీ. అమెరికా విదేశాంగ శాఖ (స్టేట్ డిపార్ట్‌మెంట్) ప్రతినెలా వేసే వీసా బులెటిన్‌లో ఎఫ్2ఏ గడిలోని తేదీ మీ తేదీని దాటాలి. 2019 జులై నుంచి 2023 మార్చి వరకు ఈ కేటగిరీ 'కరెంట్'గా ఉండేది, అంటే క్యూ లేదు. 2023 ఏప్రిల్‌లో వెనక్కి పోయింది. అప్పటి అనుభవంతో "మాకు ఏడాదిలో వచ్చేసింది" అని చెప్పే బంధువుల లెక్క ఇప్పుడు పనికిరాదు.

క్యూలో ఉన్నవాళ్లకి ఒక దారి ఉంది. గ్రీన్‌కార్డు ఉన్న మనిషి పౌరసత్వం తీసుకుంటే కేసు ఎఫ్2ఏ నుంచి పౌరుల కేటగిరీకి మారుతుంది, కోటా గొడవ పోతుంది. పౌరసత్వ పత్రం చేతికి రాగానే కాపీని ఫైలు ఏ ఆఫీసులో ఉంటే ఆ ఆఫీసుకి పంపాలి. కానీ ఒక మెలిక ఉంది. ఎఫ్2ఏలో తల్లి పిటిషన్ మీదే పిల్లలూ వెళ్లొచ్చు, పౌరుల కేటగిరీలో అలా కుదరదు. ఒక్కో బిడ్డకి విడిగా ఐ-130 వేయాలి. ఈ సంగతి తెలియక, తల్లి వీసా చేతిలో పెట్టుకుని బిడ్డ కోసం ఆగిపోయిన కుటుంబాలున్నాయి.

3. యూఎస్‌సీఐఎస్ దగ్గర ఆగితే

ఐ-130కి ప్రీమియం ప్రాసెసింగ్ లేదు. ఎక్కువ డబ్బు కట్టి తొందర చేయించే మార్గమే లేదు, ఎవరైనా చేయిస్తామంటే నమ్మకండి. యూఎస్‌సీఐఎస్ సైట్‌లో ప్రాసెసింగ్ టైమ్స్ పేజీలో మీ రసీదు తేదీ కొడితే, ఎప్పటి నుంచి మీరు విచారణ పెట్టొచ్చో చెబుతుంది. ఆ తేదీ రాకముందు అడిగితే "ఇంకా మామూలు గడువులోనే ఉంది" అన్న జవాబే వస్తుంది. దాటాక ఆన్‌లైన్‌లోనే సర్వీస్ రిక్వెస్ట్ పెట్టండి.

ఈ దశలో అసలు దెబ్బ కొట్టేది ఆర్‌ఎఫ్‌ఈ, అంటే ఇంకా ఆధారాలు కావాలని అడిగే నోటీసు. జవాబుకి మామూలుగా 84 రోజులు ఇస్తారు, పొడిగించరు. పెళ్లి నిజమైనదేనా అన్నదే వాళ్ల ప్రశ్న. నేను తలంబ్రాల నుంచి అప్పగింతల దాకా ఎనభై ఫొటోలు పంపాను, అయినా నోటీసు వచ్చింది. ఎందుకంటే అవన్నీ ఒకే రోజువి! రెండోసారి పంపినవి వేరు. నేను ఇండియా వచ్చి వెళ్లిన బోర్డింగ్ పాసులు, నెలనెలా ఆవిడ ఖాతాకి పంపిన డబ్బు వివరాలు, ఎల్‌ఐసీ పాలసీలో ఆవిడ పేరు నామినీగా మార్చిన కాగితం, నెలకి రెండు మూడు చొప్పున కాల్ రికార్డుల పేజీలు. పెళ్లయ్యాక జరిగిన కాపురం కనపడాలి, పెళ్లి ఒక్కటే సరిపోదు.

ఇల్లు మారితే పది రోజుల్లో ఏఆర్-11 ఫారం ద్వారా కొత్త అడ్రస్ ఇవ్వండి. నోటీసు పాత అపార్ట్‌మెంట్ డబ్బాలో పడిపోతే 84 రోజులు తెలియకుండానే అయిపోతాయి.

4. ఎన్‌వీసీ దగ్గర ఆలస్యం సగం మన కాగితాలదే

ఇక్కడ ఫీజులు రెండు. వీసా దరఖాస్తుకి 325 డాలర్లు, ఆర్థిక హామీ పత్రానికి 120. అవి కట్టాకే డీఎస్-260 అనే వీసా దరఖాస్తు ఫారం, డాక్యుమెంట్ల అప్‌లోడ్ తెరుచుకుంటాయి. అన్నీ సరిపోయాయంటే 'డాక్యుమెంటరిలీ క్వాలిఫైడ్' అని మెయిల్ వస్తుంది. అందరూ డీక్యూ అంటారు. ఇంటర్వ్యూ వరస ఆ తేదీని బట్టే. ఒక్క కాగితం తిప్పి పంపితే దాన్ని తిరిగి చూడడానికి మళ్లీ వరసలో నిలబడాలి.

తెలుగువాళ్ల ఫైళ్లు ఎక్కువగా తిరిగొచ్చేది పేర్ల దగ్గర. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో, ఆధార్‌లో ఒట్టి ఇనీషియల్. మెమోలో 'ఎక్స్'తో లక్ష్మి, పాస్‌పోర్టులో 'కేఎస్‌హెచ్'తో లక్ష్మి. పెళ్లి రిజిస్ట్రేషన్‌లో భర్త ఇంటిపేరు, మిగతా అన్నిట్లో పుట్టింటి పేరు. అన్ని కాగితాలూ ఒక రోజు మంచం మీద పరిచి, ఒక తెల్లకాగితం మీద పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు అక్షరం అక్షరం రాసుకుని పోల్చండి. తేడాలున్న చోట ముందు అసలు కాగితాన్నే సరిచేయించే ప్రయత్నం చేయండి. కుదరకపోతే ఆ రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ జతచేయండి.

పుట్టిన సర్టిఫికెట్‌లో పేరు గడి ఖాళీగా ఉంటే మున్సిపాలిటీలో పేరు చేర్పించుకోవచ్చు. పుట్టుక నమోదే కాలేదంటే అక్కడ రికార్డు లేదన్న సర్టిఫికెట్ తీసుకుని, మెమో, తల్లిదండ్రుల అఫిడవిట్లు జోడించాలి. గుళ్లో ఇచ్చిన పెళ్లి రసీదు చాలదు, సబ్‌రిజిస్ట్రార్ ఇచ్చిన మ్యారేజ్ సర్టిఫికెట్ కావాలి. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లిష్ అనువాదం, అనువదించినవారి ధ్రువీకరణ ఉండాలి. పోలీసు సర్టిఫికెట్‌కి పాస్‌పోర్ట్ సేవాలో అప్లై చేయాలి, స్టేషన్‌లో ఇచ్చింది కుదరదు.

ఆర్థిక హామీ, ఐ-864. పిటిషన్ వేసిన మనిషి ఆదాయం కుటుంబ సభ్యుల సంఖ్యకి తగ్గ పేదరిక రేఖకి కనీసం 125 శాతం ఉండాలి. తగ్గితే అమెరికాలో ఉండే పౌరుడో గ్రీన్‌కార్డు హోల్డరో జాయింట్ స్పాన్సర్‌గా సంతకం పెట్టొచ్చు. బాబాయినో బావమరిదినో అడిగేముందు ఒక మాట. అది మొహమాటానికి పెట్టే సంతకం కాదు, చట్టపరమైన బాధ్యత. ఆ సంగతి వాళ్లకి చెప్పి అడగండి.

ఏడాదిపాటు ఎన్‌వీసీతో ఏ సంప్రదింపూ లేకపోతే కేసు మూసేసే ప్రమాదం ఉంది. పని లేకపోయినా అప్పుడప్పుడు లాగిన్ అయి, ఒక ప్రశ్న పెట్టి ఉంచండి.

5. నిజంగా అత్యవసరమైతే ఎక్స్‌పెడైట్ (కేసు తొందరగా చూడమని) అడగండి

"విడిగా ఉండలేకపోతున్నాం" అన్నది నిజమే కానీ కారణంగా నిలవదు, క్యూలో అందరిదీ అదే బాధ. ప్రాణం మీదకొచ్చిన అనారోగ్యం, కష్టమైన గర్భం లాంటివి నిలిచే అవకాశం ఉంది. ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద, తేదీతో, డాక్టర్ సంతకంతో ఉత్తరం ఉండాలి. అందులో జబ్బు పేరుతో పాటు, పక్కన ఈ మనిషే ఎందుకుండాలో కూడా రాయించండి. ఆ రెండో ముక్క లేని ఉత్తరాలే ఎక్కువ.

6. అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) సభ్యుల ఆఫీసు

ఇది మన ఎంపీ గారి సిఫార్సు లెటర్ లాంటిది కాదు, పలుకుబడి అక్కర్లేదు. పిటిషన్ వేసిన వ్యక్తి తన జిప్ కోడ్‌తో ప్రతినిధి ఎవరో చూసుకుని, వాళ్ల సైట్‌లో ఉండే ప్రైవసీ రిలీజ్ ఫారం నింపి సంతకం పెడితే, ఆఫీసు సిబ్బంది ఫైలున్న శాఖని అడుగుతారు. ఫైలు ముందుకి జరపరు, కానీ ఎక్కడ ఆగిందో రాతపూర్వకంగా జవాబు వస్తుంది. నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇదే. ఫైలు యూఎస్‌సీఐఎస్ దగ్గర చిక్కుకుంటే దాని పైశాఖ డీహెచ్‌ఎస్‌లో ఫిర్యాదులు చూసే ఓంబుడ్స్‌మన్‌కీ రాయొచ్చు.

అన్నీ అయిపోయి ఏళ్లు గడుస్తుంటే ఫెడరల్ కోర్టులో మాండమస్ దావా ఉంది. లాయర్ లేకుండా దాన్ని నడపడం కష్టం, ఖర్చూ ఎక్కువే. కోర్టు చెప్పేది "ఏదో ఒకటి తేల్చండి" అనే, "వీసా ఇవ్వండి" అని కాదు.

7. ఇంటర్వ్యూ తర్వాత 'రెఫ్యూజ్డ్' అని కనపడితే

ముంబై నుంచి రైల్లో వస్తూ ఫోన్‌లో ఆ మాట చూసి ఏడ్చేసిన వాళ్లున్నారు. 221(జి) చీటీ ఇచ్చిన కేసు సైట్‌లో 'రెఫ్యూజ్డ్' అనే కనిపిస్తుంది. చాలాసార్లు దానర్థం ఏదో కాగితం కావాలనో, లోపల పరిశీలన జరుగుతోందనో. చీటీలో అడిగినవి ఏడాదిలోపు ఇవ్వాలి, లేదంటే మళ్లీ మొదటి నుంచి. అడిగినవన్నీ ఒకేసారి, చెప్పిన పద్ధతిలోనే పంపండి. విడతలుగా పంపితే ప్రతి విడతకీ ఫైలు మళ్లీ పక్కకి పోతుంది.

మెడికల్ పరీక్ష మరీ ముందుగా చేయించుకోవద్దు. మామూలుగా ఆరు నెలలే చెల్లుతుంది, వీసా గడువు కూడా దాన్ని బట్టే ఉంటుంది.

8. టికెట్ కొనేముందు పెళ్లి తేదీ చూసుకోండి

అమెరికాలో దిగే రోజుకి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే సీఆర్-1 కేటగిరీ, రెండేళ్ల షరతుల గ్రీన్‌కార్డు. అది ముగిసే ముందు 90 రోజుల్లో ఐ-751 వేసి షరతులు తీయించుకోవాలి, మళ్లీ ఫీజు, మళ్లీ ఆధారాలు. రెండేళ్లు నిండితే ఐఆర్-1, నేరుగా పదేళ్ల కార్డు. రెండో పెళ్లిరోజు వారం పది రోజుల్లో ఉండి, వీసా గడువు మిగిలి ఉంటే, టికెట్ ఆ తర్వాతకి తీసుకోండి. వీసా మీద సీఆర్-1 అని ఉన్నా, ఎయిర్‌పోర్టులో అధికారికి మ్యారేజ్ సర్టిఫికెట్ చూపించి ఐఆర్-1గా మార్చమని అడగాలి. మా ఆవిడ ఆ కాగితాన్ని సూట్‌కేసులో పెట్టబోతుంటే ఆపి, హ్యాండ్‌బ్యాగులో పెట్టించాను.