పాలిమర్ క్లే (ఓవెన్ వేడికి గట్టిపడే ప్లాస్టిక్ మట్టి) బొమ్మ కుర్చీని ఓవెన్‌లో పెట్టే ముందు జాగ్రత్తలు

• ప్యాకెట్ మీది వేడి, సమయం చూడండి. ఫిమో సాఫ్ట్ అనే రకం క్లేకు 110 డిగ్రీల సెల్సియస్, 30 నిమిషాలు.

• ఓవెన్ డయల్‌ను నమ్మకండి, లోపల విడిగా థర్మామీటర్ పెట్టండి. ఇది అన్నిటికంటే ముఖ్యం. క్లే మాడితే అందులోని పీవీసీ ప్లాస్టిక్ నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ పొగ వస్తుంది. కళ్లు, గొంతు మండుతాయి. వెంటనే ఓవెన్ ఆపి, కిటికీలు తెరిచి, గదిలోంచి బయటికి వచ్చేయండి. మైక్రోవేవ్ అసలే వద్దు.

• 1:12 కొలతలో (అసలు సైజులో పన్నెండో వంతు) కుర్చీ కాళ్లు సన్నం. లోపల తీగ లేకపోతే విరుగుతాయి.

• యాక్షన్ ఫిగర్‌ను (కీళ్లు కదిలే ప్లాస్టిక్ బొమ్మను) క్లేతో పాటు కాల్చకండి. ప్లాస్టిక్ మెత్తబడి కీళ్లు వంగిపోతాయి. దాని మీద చేర్పులకు రెండు భాగాలు కలిపితే ఓవెన్ లేకుండానే గట్టిపడే ఎపాక్సీ పుట్టీ మేలు. కలిపేటప్పుడు గ్లౌజులు తప్పనిసరి.

• పచ్చి క్లేను బేకింగ్ పేపర్‌లో చుట్టి ఉంచండి. అందులో మెత్తదనం ఇచ్చే ప్లాస్టిసైజర్ కొన్ని గట్టి ప్లాస్టిక్ డబ్బాలను కరిగిస్తుంది.